యేసమ్మ చూసిన తెల్లకణాలు

భయం మనిషిని కాపాడుతుందా, తినేస్తుందా? ఈ ప్రశ్న ఇప్పటికీ నన్ను వదల్లేదు. కళ్లు బాగున్నంత కాలం చేతికి దొరికిన పుస్తకమల్లా చదివాను. వైద్యమూ చదివాను, వేదాంతమూ చదివాను. ఒకచోట కాపాడుతుందని ఉంటుంది, ఇంకోచోట తింటుందని ఉంటుంది. రెండూ మూసేసి కళ్లద్దాలు తీసి కూర్చుంటే యేసమ్మే కళ్ల ముందుకొస్తుంది.

యేసమ్మ రక్తపరీక్షలు చేసే మనిషి. జమ్మలమడుగులో ముద్దనూరు దారి మీద అప్పట్లో ఇరవై మంచాల ఆసుపత్రి ఒకటి ఉండేది. ఇప్పుడది లేదు, ఆ చోట టైర్ల అంగడి ఉంది. విమలమ్మ అనే డాక్టరు దాన్ని నడిపేది. నేను అందులో గుమాస్తాను. వచ్చినవాళ్ల పేర్లు పుస్తకంలో ఎక్కించడం, బాగైనవాళ్లకు ఇంటికి పొమ్మని చీటీ రాయడం నా పని. నా గది పక్కదే యేసమ్మ గది. మధ్యలో గోడ సగానికే ఉండేది, పైన చెక్కలు కొట్టారు. ఆమె దగ్గితే నాకు వినిపించేది.

వీరపునాయునిపల్లె వైపు మనిషి. తాతల నాడే క్రైస్తవం పుచ్చుకున్న కుటుంబం, నాన్న మిషన్ బడిలో పంతులు. అప్పటికే నలభై దాటింది. పెళ్లి కాలేదు, ఎందుకు కాలేదని అడిగేంత చనువు మాలో ఎవరికీ లేదు. పిరికిది. మాట కటువుగా ఉంటే ఉండనీ గానీ నిజం అదే. గదికి గొళ్లెం పెట్టి మూడుసార్లు లాగి చూసేది. పెళ్లి ఊరేగింపులో టపాసు పేలితే బల్ల అంచు పట్టుకొని వంగిపోయేది. నర్సులు నవ్వేవాళ్లు, టపాసే కదక్కా అనేవాళ్లు. "టపాసని మీకెట్ల తెలుసు? పేలినాక కదా తెలిసేది" అనేది ఆమె, కోపం లేకుండానే. చిన్నప్పుడు ఊళ్లో రెండు వర్గాలు కొట్టుకున్న రోజున తల్లీ కూతురూ జొన్నల గాదెలో దూరి పొద్దంతా కూర్చున్నారట. ఆ సంగతి నాతో ఒక్కసారే చెప్పింది, అదీ జొన్న నూగు ఎంత దురద పెడుతుందో చెప్పడానికి.

అంత పిరికి మనిషి మైక్రోస్కోపు ముందు కూర్చుంటే మాత్రం వేరుగా ఉండేది. చేతులు వణికేవి కావు. తెల్లకణాలు అయిదు రకాలు. గాజుముక్క మీద రక్తాన్ని పలచగా పూసి, రంగు వేసి, వంద కణాలు చూసి ఏ రకం ఎన్ని ఉన్నాయో చెప్పాలి. లెక్కపెట్టే మిషను ఎప్పుడో చెడిపోయింది. ఆమె ఎడమచేతి దగ్గర ఒక గిన్నెలో వంద చింతగింజలు పెట్టుకునేది, ఎదురుగా ఆరు చిన్న గిన్నెలు. కంటికి ఒక కణం కనిపిస్తే దాని గిన్నెలో ఒక గింజ. కన్ను తీయకుండానే గింజ సరిగ్గా పడేది. అయిదు రకాలకు ఆరు గిన్నెలెందుకని అడిగాను. ఆరోది ఇంకా పెరగని కణాలకట. అది మామూలుగా ఖాళీగానే ఉంటుంది, ఖాళీగా ఉండటమే మంచిది అంది.

ఒకసారి నన్ను పిలిచి చూడమంది. చీము పట్టిన మనిషి రక్తం. గులాబీరంగు నీళ్లలో ఊదారంగు ముద్దలు.

"కడుపులో బుడగలు కనిపిస్తాండాయా? ముదురు గింజలు? అది భయపడిన కణమప్పా."

భయపడితే ఇంకేం పని చేస్తుందన్నాను.

"భయపడినందుకే చేస్తాంది. కులాసాగా ఉండేది నున్నగా ఉంటాది. దానికి పురుగు వచ్చిన సంగతే తెలీదు."

ఆ మాటను అప్పుడు నవ్వి వదిలేశాను. ఈ మధ్య కళ్లు చిట్లించి చదివిన సంగతి ఒకటి దాన్ని మళ్లీ తలకెక్కించింది. మన తెల్లకణాల్లో కొన్ని క్రిముల్ని మింగుతాయి. మింగడమంటే చంపడం కాదు, సంచిలాంటి పొరలో వేసి బంధించడం. మొండి క్రిములు ఆ సంచిలోనూ బతకగలవు. అప్పుడు కణంలో అలజడి పుడుతుంది. కణం లోపల ప్రొటీన్లు తయారై మడతలు పడే చోటు ఒకటుంది. పండగ ముందర ప్రొద్దుటూరులో పెద్ద బట్టల అంగడిని తలుచుకోండి. బేళ్ల మీద బేళ్లు దిగుతుంటాయి, మడతపెట్టే చేతులు చాలవు, మడత తప్పిన చీరలు కుప్పపడతాయి. తెలిసిన యజమాని కొత్త బేళ్లు దించొద్దంటాడు, మడతకు ఇంకో నలుగురిని కూర్చోబెడతాడు. కణమూ అదే చేస్తుంది. అయితే క్రిమిని మింగిన కణంలో ఆ అలజడి మోగించే గంట అంతటితో ఆగదట. కణానికి శక్తినిచ్చే భాగాలకు కూడా వినబడుతుందట. వాటినుంచి చిన్న చిన్న తిత్తులు బయల్దేరి, క్రిమి ఉన్న సంచి దగ్గరికి పోయి అందులో హైడ్రోజన్ పెరాక్సైడు పోయడానికి తోడ్పడతాయట. గాయం మీద పోస్తే తెల్లగా పొంగుతుందే, మా నర్సులు నురగమందు అనేవాళ్లు, అదే. ఆ సీసా కణం కడుపులోనే ఉందన్నమాట. ఆ గంట మోగకుండా చేసి చూశారట, క్రిములు సరిగ్గా చావలేదట. ఇంకో సంగతీ రాశారు. అలజడి మరీ ఎక్కువై ఎంతకీ తగ్గకపోతే కణం తనంతట తానే చచ్చిపోతుంది. ఎక్కడిదాకా కాపాడుతుంది, ఎక్కడినుంచి తింటుంది? ఆ గీత ఎక్కడుందో రాసినవాళ్లు కూడా తేల్చలేదు.

ఎనభై ఏడులో మండల ఎన్నికలు వచ్చాయి. ఎన్నికలంటే మా ఆసుపత్రికి పని ఎక్కువ. నాటుబాంబు దెబ్బ తిన్నవాళ్లు వచ్చేవాళ్లు, నేను బాంబు అని రాసేవాణ్ణి కాదు. చిలమకూరు దగ్గర రాళ్ల గనిలో తూటా పేలింది అని వాళ్లు చెప్పేవాళ్లు, నేను రాసేవాణ్ణి. ఆ ఏడాది నా పుస్తకం చూస్తే చిలమకూరులో కొండ ఒక్కటీ మిగలలేదనుకోవాలి.

పోలింగుకు పదకొండు రోజుల ముందు కమాల్ బాషాను తెచ్చారు. పులివెందుల అవతల పల్లె. ఇరవై ఆరేళ్లుంటాయి. తొడలో మేకులు, గాజుపెంకులు, మట్టి. వెంట తల్లి జానీబీ, ఇంకా వాళ్ల నాయకుడి మనిషి ఓబులేసు. విమలమ్మ రెండు గంటలు కష్టపడి ఏరినంత ఏరింది. నాలుగో రోజుకు చీము పట్టింది, జ్వరం నూట నాలుగు. తెల్లకణాలు ఇరవై రెండు వేలు. మామూలుగా పదివేలు దాటకూడదు. ఇది రక్తానికి ఎక్కే దెబ్బ, భద్రంగా చూడాలని విమలమ్మ ఓబులేసుతోనే చెప్పింది.

ఓబులేసు దిగులు వేరే. ఆ పల్లె బూతులో కూర్చోవడానికి ఏజెంటుగా కమాల్ బాషా పేరే ఇచ్చారు. మిగతావాళ్లెవరూ ఒప్పుకోలేదు. ఏజెంటు కూర్చోకపోతే అవతలివాళ్లు బ్యాలెట్ కట్టలు తీసుకొని గుద్దుకుంటూ పోతారు, అడిగేవాడుండడు. ఈ పిల్లోడు కాలు చాపుకొనైనా కుర్చీలో ఉంటే చాలు, తక్కినది మేం చూసుకుంటాం అనేవాడు. అతను అరిచే మనిషి కాదు. నా బల్ల ముందు నిలబడి, నేను రాసేది చదువుతూ, మెల్లగా మాట్లాడేవాడు. అందుకే అతను వచ్చాడంటే నా కలం ఆగేది.

విమలమ్మ పద్ధతి ఒకటుండేది. రెండు రోజులు వరసగా చార్టులో జ్వరం లేకపోతే ఇంటికి పంపేది. బుధవారం పొద్దున, సాయంత్రం జ్వరం లేదు. గురువారం రెండుపూటలా లేదు. జానీబీ వార్డులో అందరికీ బెల్లం పలుకులు పంచింది. శుక్రవారం విమలమ్మకు ప్రొద్దుటూరులో ఒక ఆపరేషనుకు తోడు రమ్మని కబురొచ్చింది. ఆదరాబాదరాగా చీటీ మీద సంతకం పెట్టి నా చేతిలో పెట్టి, నెత్తురు రిపోర్టు చూసి బాగుంటేనే ఇవ్వు అని చెప్పి కారెక్కింది. చీటీని సొరుగులో పెట్టి తాళం వేశాను. ఆదివారమే పోలింగు. బయట వేపచెట్టు కింద జీపు ఇంజను ఆపకుండా పెట్టారు.

పదకొండున్నరకు యేసమ్మ రక్తం తీసుకుపోయింది. పన్నెండైంది. చెక్కల అవతల చింతగింజలు పడుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. అది ఆగింది, మళ్లీ మొదలైంది. ఆమె రెండోసారి లెక్కపెట్టడం నేనెప్పుడూ ఎరగను. ఆ రోజు మూడుసార్లు లెక్కపెట్టింది. ఓబులేసు నా బల్ల మీద వేళ్లతో తడుతూ నిలబడ్డాడు.

ఆమె తలుపు తీసుకొని వచ్చి, కాగితం నాకిచ్చింది. రెండువేల ఎనిమిది వందలు. ఓబులేసు వంగి చదివాడు, ముఖం విప్పారింది. ఇరవై రెండు వేలు ఎక్కువని భయపెట్టారు, ఇప్పుడు తగ్గింది కదా, చీటీ తీయమన్నాడు. నాకూ ఒక్క క్షణం అలాగే అనిపించింది. జ్వరం దిగింది, లెక్క దిగింది. ఓట్లకైతే దిగడం చెడ్డది, జబ్బుకైతే మంచిది కాదా?

"తగ్గలేదప్పా. అయిపోతాండాయి. వేసవిలో బావి అడుగంటినట్ల" అంది యేసమ్మ.

ఆమె చెయ్యి నా బల్ల అంచును పట్టుకొని ఉంది. ఇంత చెడ్డ రక్తంలో జ్వరం లేకుండా ఎట్లుంటుంది, ఏ మందు వేసి దింపారు అని ఆమె అడిగింది నన్ను కాదు, ఓబులేసునూ కాదు. గడప దగ్గర నిలబడ్డ జానీబీని. జానీబీ కొంగు నోట్లో పెట్టుకుంది.

ఓబులేసు కుర్చీ లాక్కొని కూర్చున్నాడు.

"అమ్మా, నీది వీరపునాయునిపల్లె గదా?"

"అవును."

"ఆడ ఎవురి మాట నడుస్తాందో నాకు తెలుసులే. రిపోర్టు ఎవురు రాయమన్నారో అదొక్కటి చెప్పు, పోతా."

ఈ మాట బయటివాళ్లకు విచిత్రంగా ఉండొచ్చు. మా వైపు ఆ రోజుల్లో విచిత్రం కాదు. బావి ఎవరి పొలంలో తవ్వారు, బస్సు ఏ ఊళ్లో ఆగింది, పంతులు ఏ వీధిలో అద్దెకున్నాడు, అన్నింటికీ ఒక పార్టీ ఉండేది. రక్తానికి మాత్రం ఎందుకుండదు? తమ ఏజెంటును మంచం మీద పడేసి ఉంచాలని ఎదుటివాళ్లు రాయించిన లెక్కే అదని అతను నిజంగానే నమ్మాడు. అతను బెదిరించాడని నేననలేను. అతనికి ఇంకోరకంగా ఆలోచించడం రాదు.

యేసమ్మ గొంతు పెద్దది చేయలేదు. "నన్నెవరూ రాయమనలేదు. ఆ గాజుముక్క మీద ఉండాది, వచ్చి చూడు" అంది. అతను లేవలేదు. ఆమె జానీబీ చెయ్యి పట్టుకొని లోపలికి తీసుకుపోయింది. నేనూ గుమ్మం దాకా పోయాను.

జానీబీకి ఒక కన్ను మూయడం చేతకాలేదు. యేసమ్మ తన అరచేత్తో ఆమె కన్ను మూసిపెట్టింది.

"ఏమి కనిపిస్తాంది?"

"ఎర్రగా చుక్కలు. నడాన ఊదారంగుది ఒకటి."

"అది నీ కొడుకు కాపలావోడు. కడుపునిండా బుడగలు సూడు, శానా అలిసినాడు. ఇట్లాంటోళ్లు మొన్న గుంపులుగా ఉండ్రి. ఇప్పుడు వెతికితే గాని దొరకల్యా." ఆమె గాజుముక్కను కొంచెం జరిపింది. "ఇప్పుడు సూడు. మెలి తిరిగిన తాడు మాదిరి ఉండాదే, అది పిల్లకాయ. ఇంకా మీసం రానోడు. ఇంట్లోనే ఉండాల్సినోడు. నూటికి అరవై ఇట్లాంటోళ్లే ఉండారు."

జానీబీ చాలాసేపు చూసింది. ఆమె వీపు మీద చెమట రవికెను తడిపేయడం నాకు కనిపిస్తోంది. ఆమె పల్లెలో ఆమె ఏం చూసి ఉంటుందో నాకు తెలియదు. తల ఎత్తకుండానే అడిగింది.

"పిల్లకాయల్ని పంపిస్తాండారంటే పెద్దోళ్లు అయిపోయినట్టే గదమ్మా?"

యేసమ్మ అవునంది.

అప్పుడు చెప్పింది జానీబీ. జ్వరం ఉంటే డాక్టరమ్మ పంపదని ఓబులేసు ప్రొద్దుటూరు నుంచి ఒక సూదిమందు తెప్పించాడు. పొద్దున, సాయంత్రం నర్సు జ్వరం చూసే ముందర ఆర్.ఎం.పి. ఒకడు చూడవచ్చిన చుట్టంలా వచ్చి దుప్పటి కింద సూది వేసి పోయేవాడు. జ్వరమే జబ్బనీ, అది పోతే బిడ్డ లేచి కూర్చుంటాడనీ ఆమె అనుకుంది. ఈ ఆసుపత్రిలో ఉన్నాడని అవతలివాళ్లకు తెలిసిపోయింది, ఇంట్లోనే భద్రమని కూడా చెప్పారట. చెప్పి, ఏడవలేదు. కొంగు దులుపుకొని బయటికి నడిచింది.

ఓబులేసు ఎదురుగా నిలబడింది. అతను ఏమత్తా అన్నాడు. వరసకు అట్లే పిలిచేవాడు.

"బూతుకాడ నా కొడుకు లేడని రాసుకోండి నాయనా. బతికుండేటోన్ని లేడని రాస్తే నాకేం కాదు."

పెద్దాయనకు ఏం చెప్పేది అని అతను అడిగాడు. ఇదే చెప్పమంది. వార్డులోకి పోయి కొడుకు మంచానికీ తలుపుకూ మధ్య నేల మీద కాళ్లు చాపుకొని కూర్చుంది. ఓబులేసు నా వైపు తిరిగి చెయ్యి చాపాడు. తాళంచెవి నా పిడికిట్లో ఉంది. సొరుగు తీయలేదు. దాన్ని ధైర్యమని ఎవరైనా అంటే ఒప్పుకోను. చెయ్యి కదల్లేదు, అంతే. అతను నన్ను చూశాడు, యేసమ్మ గది తలుపును ఇంకాసేపు చూశాడు, పోయాడు. జీపు చప్పుడు దూరమైంది. తర్వాత గదిలో యేసమ్మ వాంతి చేసుకున్న చప్పుడు వినిపించింది.

నాలుగింటికి విమలమ్మ వచ్చింది. రిపోర్టు చూసి చెప్పులు కూడా విప్పకుండా వార్డులోకి పరుగెత్తింది. గాయం మళ్లీ తెరిస్తే ఎముక పక్కన లోతుగా బాంబుకు చుట్టిన పురికొస ముక్క, దాని చుట్టూ చీము. మందులు మార్చింది. సూది వేసేవాడు లేడు కాబట్టి పొద్దుగూకేసరికి జ్వరం నూట మూడు. జానీబీ బెదిరిపోయింది. యేసమ్మ వార్డు గడప మీద నుంచే ఎంతుందని నర్సును అడిగి, నూట మూడంటే, "ఉండనీ. లోపల ఇంకా మనుషులుండారు" అని వెనక్కి తిరిగింది.

ఆదివారం బూతులో కుర్చీ ఖాళీ. ఆ పల్లె ఓట్లు ఏమయ్యాయో చెప్పక్కర్లేదు. తెల్లకణాలు మాత్రం అయిదు వేలయ్యాయి, ఆ తర్వాత పదకొండు వేలు, పంతొమ్మిది వేలు. ఆరో గిన్నెలో గింజలు తగ్గుతూ వచ్చాయి. ఇరవై రోజులకు కమాల్ బాషా కర్ర పట్టుకొని వరండాలో నడిచాడు. కాలు కొంచెం పొట్టి పడింది. తల్లి అతన్ని పల్లెకు తీసుకుపోలేదు, ప్రొద్దుటూరులో తమ్ముడింటికి తీసుకుపోయింది. పోయేముందు యేసమ్మ గదిలోకి వెళ్లి ఇంకొకసారి చూపించమని అడిగిందట. చూసి, ఇప్పుడు మీసాలోళ్లు శానామంది ఉండారని నవ్విందట.

వాళ్లు పోయిన మర్నాడు ఇద్దరు మనుషులు వచ్చారు, ఓబులేసు జీపులో చూసిన ముఖాలే. యేసమ్మ గదికి ఎదురుగా, రోగులు కూర్చునే బల్ల మీద కూర్చున్నారు. ఏం కావాలని అడిగాను. "ఏం లేదప్పా, ఊరికే కూర్చున్యాం" అన్నాడొకడు. మధ్యాహ్నం టీ తెప్పించుకొని తాగారు. సాయంత్రం పోయారు. మర్నాడు వచ్చారు. మూడోరోజూ వచ్చారు. ఆమెను ఒక్క మాట అనలేదు. విమలమ్మ పొమ్మంటే లేచి బయట వేపచెట్టు కింద నిలబడ్డారు, అక్కడినుంచి కిటికీ ఇంకా బాగా కనిపిస్తుంది. పోలీసులకు చెబుదామంటే, ఏమని చెబుతారమ్మా, కూర్చున్నారనా, అంది యేసమ్మ.

ఆ మూడు రోజులూ ఆమె చేసిన పరీక్షలు నా దగ్గరికి వచ్చాయి. ఒక్క అంకె కొట్టివేత లేదు. చెక్కల అవతల గింజల చప్పుడు ఎప్పటిలాగే పడేది. గొళ్లెం లాగిన చప్పుడు మాత్రం మూడుసార్లతో ఆగలేదు. ఒకరోజు ఆరు లెక్కపెట్టాను, మర్నాడు పదకొండు. అన్నం డబ్బా తెరవకుండానే ఇంటికి తీసుకుపోయేది. ఏమన్నా చెబుతుందేమోనని రెండుసార్లు నీళ్ల నెపంతో ఆమె గదికి పోయాను. నీళ్లు తాగి వెనక్కి వచ్చాను.

నాలుగో రోజు పొద్దున ఆ మనుషులు ఇంకా రాలేదు. యేసమ్మ ముందురోజు మిగిలిన అయిదు రిపోర్టులు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. చేతిలో గుడ్డసంచి ఉంది, పెద్దదేం కాదు. ప్రొద్దుటూరు బస్సు తొమ్మిదింటికా, తొమ్మిదింబావుకా అని అడిగింది. తొమ్మిదింబావుకని చెప్పాను. రంగుమందు అయిపోయిందేమో, తేవడానికి పోతోంది అనుకున్నాను. నెలకోసారి పోయేదే. మూడో నంబరు మంచం ముసలామెకు చక్కెర పరీక్ష మళ్లీ చేయాలని, పరగడుపున తీయమని నర్సుకు చెప్పమంది. చెబుతానన్నాను. ఆమె తల ఊపి, ఇక మళ్లీ ఎక్కని ఆ మెట్లు దిగింది. నేను మొదటి రిపోర్టు తీసి పుస్తకంలో ఎక్కించడం మొదలుపెట్టాను.